మిరప చేతులు అల్లిన పూల టాపు

ఇప్పుడు చెప్పబోయేది ఒక మహాగాథ. ఇందులో అగ్ని ఉంది, ప్రయాణం ఉంది, ఒంటిని పట్టుకుని వదలని వస్త్రం ఉంది, నలుగురి మధ్య కూలబడి ఏడ్చిన స్త్రీ ఉంది. ఇలా మొదలుపెడితే మీరు కాస్త సర్దుకుని కూర్చుంటారని ఆశపడ్డాను గానీ, ఎంతసేపని దాస్తాను, ఆ అగ్ని మిరపకాయలది, ఆ ప్రయాణం గుంటూరు ఆర్డినరీ బస్సులో, ఆ వస్త్రం మా పిన్ని పువ్వు పువ్వు కలిపి అల్లిన ఒక ఎండాకాలపు టాపు. ఏడ్చింది కూడా పిన్నే.

మొన్న వేసవి సెలవులకు పిన్ని కూతురు మా ఇంటికి వచ్చింది. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి, అవి ఎలా రాసిందో ఎవరూ అడగకముందే బ్యాగు ఓ మూల పడేసి, నా బీరువా ముందు నిలబడింది.

"అక్కా, అమ్మ అల్లిన టాపు నీ దగ్గరే ఉందంటగా. ఒక్కసారి తీయవా, ఏసుకుంటా."

పిన్ని పోయేనాటికి దీనికి ఇంకా మాటలు సరిగ్గా రాలేదు. తల్లి మొహం దీనికి ఫోటోల్లోనే తెలుసు, తల్లి గొంతు ఎలా ఉండేదో మేం చెప్పినా తెలిసేది కాదు. కానీ ఆ టాపు మండుతుందని మాత్రం చిన్నప్పటి నుంచి మా చేత చెప్పించుకుని చెప్పించుకుని కంఠతా పట్టింది. అది అడుగుతున్నది బట్ట కాదని నాకు అప్పుడే తెలియాల్సింది. నేను మాత్రం, నీకు బిగుతవుతుందే, అన్నాను. ఇంట్లో నాకున్న పేరు అలాంటిది, ఎవరి కళ్ళలో నీళ్ళు తిరగబోతున్నా మధ్యలో ఒక పనికిమాలిన మాట వేసి ఆపేస్తాను.

మా అమ్మా పిన్నీ చీరాలలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి, ఇద్దరూ ఒకే మిరప ఊరికి కోడళ్ళుగా వచ్చారు. అమ్మకు ఊడిన బొత్తాం కుట్టడమే ఒక యజ్ఞం. పిన్నికి మాత్రం చేతిలో క్రోషా సూది ఉంటే లోకం అక్కర్లేదు. నేను గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో, మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, హాస్టల్లో ఒక్కో పత్రిక అట్టలు ఊడి, మధ్య కాగితాలు నలిగిపోయేదాకా గదులన్నీ తిరిగేది. అలా నా గదికి చేరిన ఒకదానిలో, ఎవరో తెల్లటి పిల్ల పూలన్నీ కలిపి అల్లిన టాపు వేసుకుని సముద్రం ఒడ్డున నవ్వుతోంది. ఆ కాగితం చింపుకొచ్చి పిన్నికిచ్చి, మా వీడ్కోలు సభకు నాకు ఇదే కావాలన్నాను. పిన్ని దాన్ని వెలుతురుకు పట్టి చూసి, ఇంతేనా, అంది.

అది మిరప పని ముమ్మరంగా ఉన్న కాలం. పొద్దున్నించి పిన్ని కళ్ళంలో కూర్చుని ఎండుకాయల తలల మీది ముచ్చికలు విరిచి, రంగు పోయిన తాలుకాయలు ఏరి పక్కన పోసేది. సాయంత్రం సబ్బుతో చేతులు కడిగి, ఆముదం రాసుకుని, మళ్ళీ కడిగి, చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని, చీరాల నుంచి తెప్పించిన వెన్నరంగు నూలుతో అల్లిక మొదలుపెట్టేది. గొలుసు కుట్లతో ఒక చిన్న సున్నా చుట్టి, దాని చుట్టూ రేకులు లేపి, ఆఖరి వరసకు వచ్చేసరికి పక్క పువ్వు రేకు కొసలో సూది దూర్చి లాగితే, రెండు పూలూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడేవి. అల్లికలో దారమంతా ఎడమచేతి చూపుడు వేలి మీదుగా జారుకుంటూ పోతుంది. పగలంతా ముచ్చికలు విరిచే వేలు అదే. ఆ సంగతి మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. అందరివీ మిరప చేతులే, ఏది పట్టుకున్నా మండేది తెలియని చేతులు. పూర్తయిన టాపును అందరం తడిమి చూశాం, మెత్తగా ఉందన్నాం, అమ్మ దిష్టి కూడా తీసింది. తీసింది ఎండుమిరపకాయలతోనే అనుకోండి.

సభ రోజు పిన్ని కూడా నాతో బయల్దేరింది, వెనక వరసలో నిలబడైనా చూస్తానంటూ. బస్సు కదిలిన కాసేపటికి చెమట పట్టింది. చెమట పట్టగానే టాపులోని పూలన్నీ నిద్రలేచాయి. మొదట మెడ, తర్వాత వీపు, తర్వాత ఎక్కడ మండుతోందో చెప్పుకోలేని చోట్లు. గుంటూరు బస్టాండులో ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో దూరేసరికి నేను ఎగురుతున్నాను. పిన్ని కొంగు అడ్డం పెట్టి టాపు విప్పించి, దాన్ని తన చెంపకు ఆనించి చూసుకుంది. ఒక్క క్షణం. తర్వాత అక్కడే కింద కూలబడింది.

"పాపిష్టి చేతులే నావి. బంగారంలాంటి ఒంటికి కారం పూసి పంపాను కదే!"

"ఊరుకో పిన్నీ. టాపు అల్లమంటే ఆవకాయ పెట్టావు, అంతే. జాడీలో దాచుకుంటాలే."

పిన్ని ఏడుపు మధ్యలోనే నవ్వింది. నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకుంది. అక్కడున్న ఆడవాళ్ళంతా ఏమైందంటూ మూగి, సంగతి విని, ఒకావిడ పెరుగు రాయమని, ఒకావిడ కొబ్బరినూనె రాయమని పోట్లాడుకున్నారు. చివరికి పిన్ని ఎదురు కొట్టుకు పరిగెత్తి, దొరికిందే చాలనుకుని, ట్రాక్టరు బొమ్మ ఉన్న మగవాళ్ళ టీషర్టు కొనుక్కొచ్చింది. వీడ్కోలు సభ ఫోటోల్లో చీరల మధ్య ఆ ట్రాక్టరు నేనే.

పంట పని అయి చేతులు దులుపుకున్నాక మంట లేనిది ఇంకొకటి అల్లి ఇస్తానని తిరుగు బస్సులో పిన్ని ఒట్టు వేసింది. ఆ వానల్లో జ్వరమొచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం, పంటలూ పనులూ ఉన్న ఇళ్ళలో ఏ జ్వరాన్నైనా ముందు మామూలుదనే అనుకుంటారు. గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. ఆ మాట మీద నా దగ్గర హాస్యమేమీ లేదు.

తర్వాత అమ్మ చాలాకాలం ఆ టాపుతోనే పనిపెట్టుకుంది. మజ్జిగలో నానబెట్టేది, శనగపిండి పట్టించేది, కుంకుడు రసంలో జాడించేది. చెల్లెలు అల్లింది బిడ్డ వేసుకోలేకపోతోందని ఆమె బాధ. నేను వేసుకుని చూస్తే వీపు మీద ఇంకా చురుక్కుమనేది. క్రమంగా మేమిద్దరం దాన్ని ముట్టుకోవడం మానేశాం.

మొన్న బీరువాలోంచి తీసిస్తే, పిన్ని కూతురు ఆ టాపు తొడుక్కుంది. సరిగ్గా సరిపోయింది. అద్దంలో చూసుకోలేదు, ఫోటో తీయమనలేదు, ఫ్యాను కట్టేసి నిలబడింది. కాసేపటికి మిట్టమధ్యాహ్నపు ఎండలో మేడ మీదికి వెళ్ళి, పిలిచినా రాకుండా అక్కడే అటూ ఇటూ నడిచింది. చెమటతో తడిసి ముద్దయి కిందికి దిగి నా ముందు నిలబడింది.

"మండట్లేదే అక్కా. ఎక్కడా మండట్లేదు. అమ్మ అల్లిందే కదా ఇది?"

అమ్మ అల్లిందేనన్నాను. కావాలంటే చూసుకో, ఈ పువ్వుకు ఒక రేకు తక్కువ, నువ్వు ఏడుస్తుంటే లేచి పాలిచ్చి వచ్చి లెక్క తప్పింది, అన్నాను. అది ఆ పువ్వును వేలితో పట్టుకుని, వేలు నాలుక మీద పెట్టుకుని చూసింది. మంట పోవాలని మేం ఎన్నో చేశాం, ఆ మంట పోయిన రోజు మాత్రం ఎవరమూ చూసుకోలేదు. ఇప్పుడు పిల్లలు ఫోనులో వేలు ఆనిస్తే ఇలాంటి పూల టాపులు ఇంటికే వస్తున్నాయి, మెత్తగా, చల్లగా, ఏ ఊరి ఘాటూ లేకుండా. పిన్ని చేతులు ఎలా ఉండేవో చెప్పడానికి మిగిలిన ఒక్క సాక్ష్యం కూడా అంత మర్యాదగా తయారైంది.

పొద్దుగూకాక విప్పి నా చేతిలో పెట్టింది. దాని చెమటకు తడిసి ఉంది. ఇలా అల్లిన నూలు బట్టను చన్నీళ్ళలోనే జాడించాలి, పిండకూడదు. దండెం మీద వేస్తే సాగిపోతుంది, నీడన చాప మీద పరిచి ఆరబెట్టాలి.