అక్క ఇవ్వని సీడీ

మొన్న మా బడి పాత విద్యార్థుల కలయికకు నాలుగు మాటలు రాసుకుందామని కొత్త ల్యాప్‌టాప్ తెరిస్తే, అందులో రాసే ప్రోగ్రాము గడువు అయిపోయింది, ఏడాదికింత కట్టండి అని అడిగింది. నేను దానితో వాదం పెట్టుకోకుండా ఉచితంగా దొరికే ఆఫీసు సాఫ్ట్‌వేరు దింపుకున్నాను. పొయ్యి మీద చాయ్ మరిగేలోపు పని అయిపోయింది. చాయ్ తాగుతూ కూర్చుంటే మా అక్క మీద నేను పడ్డ అసూయంతా వరసగా గుర్తొచ్చింది. అక్కచెల్లెళ్ళతో పెరిగిన నా ఈడువాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు.

అప్పట్లో మేం గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. మా ఆయనది గనిలో డ్యూటీ, నాది ఒక చిన్న ప్రైవేటు బడిలో తెలుగు టీచరు ఉద్యోగం. అక్క రామగుండంలో ఉండేది, బావది అక్కడి కరెంటు ప్లాంటులో ఆఫీసరు కొలువు. చిన్నప్పటి గౌను దగ్గర్నుంచి గ్యాసు పొయ్యి దాకా ఏదైనా ఆమెకు ముందు వచ్చేది, నాకు తరవాత వచ్చేది. కంప్యూటరూ అంతే.

ఒక ఏడు మా హెడ్‌మిస్ట్రెస్ ప్రశ్నపత్రాలు టైపు చేసి తెచ్చేవాళ్ళకే పై తరగతులు ఇస్తానంది. మా ఆయన ఎక్కడో పాత భాగాలతో కట్టించిన కంప్యూటరు ఒకటి తెచ్చాడు. ఓపెన్‌కాస్టు గనిలో మందు పెట్టి పేల్చినప్పుడల్లా అది బల్ల మీద వణికేది. బొగ్గు దుమ్ము పడకుండా దాని మీద చీర ముక్క కప్పేదాన్ని. దుకాణంవాళ్ళు ఎక్కించిన ఆఫీసు ప్రోగ్రాము కొన్నాళ్ళకే మొరాయించి, అసలుది కొంటేగానీ తెరుచుకోనంది. దాని ధర విని మా ఆయన టిఫిన్ డబ్బా తీసుకుని షిఫ్టుకు వెళ్ళిపోయాడు.

అక్క ఇంట్లో అసలుది ఉంది, అద్దాల బీరువాలో పింగాణీ కప్పుల పక్కన, మెరిసే డబ్బాలో. ఆదివారం చర్చి అయ్యాక వెళ్ళి అడిగాను.

“అక్కా, గా సీడీ ఒక్కసారి ఇయ్యవా? ఎక్కించుకొని మళ్ళ పంపిస్త.”

“గది ఒక్క కంప్యూటర్‌కే అని రాసుంది చెల్లె. ఇంకొకళ్ళకు ఇయ్యొద్దట. మీ బావ ఊకోడు.”

ఆమె అన్నది నిజమే, అదే నన్ను ఎక్కువ మండించింది. వస్తువూ ఆమెదే, న్యాయమూ ఆమెవైపే. ఎప్పుడైనా ఆమె నన్ను అడిగితే ఇదే మాట అప్పజెప్పాలని తిరుగు బస్సులో దాచిపెట్టుకున్నాను.

ఆ కసితోనే వెతికాను. చౌరస్తాలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే ఆవిడను పదేపదే అడగ్గా, అలాంటి ప్రోగ్రామే ఉన్న సీడీ, ఏదో కంప్యూటరు పత్రికతో వచ్చింది, తీసిచ్చింది.

“ఇది ఉత్తగనే మేడం. ఎంతమందికి ఇచ్చినా ఎవ్వరేమనరు.”

మొదట్లో ఏ మీట ఎక్కడుందో తెలియక విసుక్కున్నాను గానీ, వారం తిరక్కుండానే ఒత్తులూ గుణింతాలూ విరిగిపోకుండా తెలుగు చక్కగా వచ్చింది. పై తరగతులు నాకే ఇచ్చారు. ఆ మాట అక్క చెవిన పడేలా చూసుకున్నాను కూడా.

కొన్నాళ్ళకు అక్కే మా క్వార్టర్‌కు వచ్చింది. చర్చి మహిళా సంఘానికి పాటల పుస్తకం వేయాలట, ఆమె కంప్యూటరులో తెలుగు అక్షరాల చోట ఖాళీ గడులు వస్తున్నాయట.

“నీ దాంట్ల మంచిగొస్తదట గద చెల్లె. నాకు గూడ ఎక్కియ్యరాదు.”

ఆమెకు అప్పజెప్పాలని దాచుకున్న జవాబు నోటిదాకా వచ్చింది. కానీ నాది ఎవరికైనా ఇవ్వదగ్గ సీడీ, కాదనడానికి సాకు ఏది? ఇచ్చాను, పక్కన కూర్చుని నేర్పాను. నాకు వారం పట్టిన పని ఆమెకు ఒక్క పూటలో వచ్చేసింది.

క్రిస్మస్ ఆరాధనలో ఆ పుస్తకం అందరి చేతుల్లో ఉంది. పాస్టరుగారు మెచ్చుకుంటే అక్క లేచి నిలబడింది.

“ఇదంత మా చెల్లె నేర్పిందే. సీడీ గూడ తనదే.”

అందరూ నావైపు తిరిగి చప్పట్లు కొట్టారు. నేను నవ్వాను. లోపల మాత్రం, నిండు సభలో అంత తేలిగ్గా ఇంకొకరి పేరు చెప్పగలిగే మనసు కూడా ఆమెకే వచ్చింది కదా అని కుళ్ళిపోయాను.

ఇప్పుడు అక్క కరీంనగర్‌లో ఉంటోంది. మొన్న ఫోను చేసి ల్యాప్‌టాప్ సంగతి చెబితే, “నాకెందుకే గవన్ని, ఫోన్లనే అన్ని ఉన్నయి గద,” అంది. ఎవరికి కావలసింది వాళ్ళం కూర్చున్నచోటే దింపుకుంటున్నాం. అడగడానికి ఒకరింటికి వెళ్ళే పని లేదు, కాదనిపించుకుని బస్సెక్కే పని లేదు. ఆమె దగ్గర ఏముందో, నా దగ్గర ఏం లేదో పోల్చి చూసుకుని ఎన్నేళ్ళయిందో. మనసు నెమ్మదించింది, నిజమే. కానీ ఆ మంట ఉన్న రోజుల్లో ఏదో ఒక వంకతో అక్క గడప తొక్కుతుండేదాన్ని.