సార్ గోల్డ్‌ఫిష్‌లూ, నా జిగురు శాస్త్రమూ

ఆ రోజుల్లో, నాకు తెలియనిది కూడా ఏదైనా ఉంటుందేమోనన్న అనుమానం నాకు ఎప్పుడూ రాలేదు. కెమిస్ట్రీలో బీఎస్సీ ముగించి, ఉద్యోగం దొరికేదాకా అని కర్నూలులో మా మేనమామ అద్దాల అంగట్లో కూర్చునేదాన్ని. మామ కిటికీలకు అద్దాలు కోసేవాడు, అడిగినవాళ్ళకు చేపల తొట్లు కట్టేవాడు. చదివింది ఏడో తరగతి. (ఈ సంగతి వారానికొకసారైనా మనసులో అనుకునేదాన్ని. రెండుసార్లు పైకే అన్నాను.)

ఒకరోజు నందికొట్కూరు నుంచి రిటైరైన హెడ్మాస్టరు సార్ ఒకాయన వచ్చాడు. ఆయన ఇంట్లో పెద్ద గాజుతొట్టి, అందులో మూడు గోల్డ్‌ఫిష్‌లు. ఆయన భార్య కొత్తగా ఆస్కార్ అనే చేపను తెచ్చుకుంది. అది జానెడు పొడవుంటుంది, నోట్లో పట్టే చేపనల్లా మింగేస్తుంది. అందుకని బకెట్లో పెట్టారు. "బకెట్లో అది దిగులు పడ్తాండాదంట, మా ఇంటామె చెప్తాండాది. తొట్టికి మధ్యలో అడ్డం కట్టియ్యప్పా," అన్నాడు సార్. నీళ్ళు శుభ్రం చేసే మోటారు ఒకటే కాబట్టి అడ్డానికి చిల్లులు కావాలి. గాజుకు చిల్లులు వేయడం కష్టం, అక్రిలిక్ షీటుకైతే సులువు. కాబట్టి అక్రిలిక్ పెడదామని నేనే తేల్చేశాను.

"అది అద్దానికి యాడ అంటుకుంటాది పాపా? అద్దానికి అద్దమైతే సిలికాన్ జిగురు పట్టుకుంటాది. ఇది ప్లాస్టిక్కు. నాలుగు దినాలుండి ఊడొస్తాది," అన్నాడు మామ.

నేను ప్రయోగాలు మొదలుపెట్టాను. అక్రిలిక్‌ను కరిగించి అతికించే ద్రావకం గాజు మీద ఏ ప్రభావమూ చూపకుండా ఆవిరైపోయింది. క్షణంలో పట్టే జిగురు షీటుకు తెల్లటి పొర తెప్పించింది. చివరికి సిలికానే రాశాను. మర్నాడు లాగితే ఊడలేదు.

"నీళ్ళల్లో ఏసి చూసినావా?"

"రెండు పక్కలా నీళ్ళే కదా మామా. ఒత్తిడి సమానం. అడ్డం మీద బరువే పడదు. జిగురు పేరుకు ఉంటే చాలు."

మామ కొలత టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. "సరేమ్మా, నువ్వు సదువుకున్నావు," అన్నాడు. దాన్ని నేను మెచ్చుకోలుగా తీసుకున్నాను.

నందికొట్కూరు వెళ్ళి అడ్డం అతికించి, రెండు రోజులు ఆరనిచ్చాక నీళ్ళు పోయించాం. తొమ్మిదో రోజు సార్ బస్సులో వచ్చి, పేపర్లో చుట్టిన షీటును బల్ల మీద పెట్టాడు. దాని అంచున సిలికాన్ ఆనవాలు కూడా లేదు. అంతా గాజు మీదే మిగిలిపోయిందట.

"ఏమ్మా, నువ్వు బీఎస్సీనా?"

"అవును సార్."

"పాసైనావా?"

"ఫస్ట్ క్లాస్ సార్."

ఆయన షీటును నా వైపు తోశాడు. తర్వాత జరిగింది చెప్పాడు. ఆస్కార్ మేత వేసినప్పుడల్లా అవతలి గోల్డ్‌ఫిష్‌లను చూసి షీటును గుద్దుతూ ఉండేదట. (నా లెక్క తప్పు కాదు. ఒత్తిడి సమానమే. చేపను లెక్కలో వేసుకోలేదు, అంతే.) ఇప్పుడు మూడింటిలో ఒకటే మిగిలింది.

"ఆరేండ్లు నా చేత్తో మేత తిన్నాయమ్మా," అన్నాడు. గొంతు పెంచలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"తప్పు మాదే సార్," అన్నాడు మామ.

"నాది సార్. మామ వద్దనే అన్నాడు," అన్నాను. ఆ అంగట్లో నేను చెప్పిన మొదటి సరైన మాట అదే అనుకుంటా.

ఆదివారం మళ్ళీ వెళ్ళాం. సార్ భార్య గుమ్మంలోనే, "అది తినల్యామ్మా, నోట్లో పెట్టుకునిందంతే," అని ఆస్కార్ తరఫున వాదించింది. సార్ అటు తిరగలేదు. మామ సన్నటి గాజు పట్టీలు కోసి, తొట్టి గోడలకూ అడుక్కూ జంటలుగా, మధ్యలో సందు వదిలి సిలికాన్‌తో అంటించాడు. రెండు రోజులకు అవి ఆరాక మళ్ళీ వెళ్ళాం, మామ షీటును పైనుంచి ఆ సందులోకి దించాడు. కదల్లేదు.

"ఈసారి షీటుకు ఏం జిగురమ్మా?" అని అడిగాడు సార్.

"జిగురే లేదు సార్."

"అదే మంచిది."

తిరుగు బస్సులో అడిగాను. "ఈ పద్ధతి నీకు ముందే తెలుసా మామా?"

"తెలుసు."

"మరి చెప్పలేదే?"

"నువ్వు అడగల్యా."

ఉద్యోగం దొరకలేదు. ఇప్పుడు ఆ అంగడి నేనే నడుపుతున్నాను. ఇది దానికి అంటుకుంటుందా అని ఎవరైనా అడిగితే, "తెలీదు. ముక్కలు అతికించి వారం నీళ్ళలో నానబెట్టి చూసి చెబుతాను," అంటాను. సగంమంది పెదవి విరిచి వెళ్ళిపోతారు. వాళ్ళకు కావలసింది నేను కాదు, అప్పటి ఆ ఇరవై ఒక్కేళ్ళ పిల్ల. నిజం చెప్పాలంటే, అంత ఖాయంగా మాట్లాడే ఆ గొంతును ఒక్కసారి మళ్ళీ వినాలని నాకూ ఉంటుంది.