చట్టం మాకు వదిలేసిన సామాను

మా వైపు ఎవరైనా ఐపీ పెట్టాడంటే ఆ ముక్క గొంతు తగ్గించి చెప్పుకుంటారు. కోర్టులో దివాలా పిటిషన్ వేశాడని దాని అర్థం. అప్పులవాళ్ళ నోట్లో మట్టి కొట్టాడని వినేవాళ్ళకి అర్థమయ్యేది. ఐపీ పెట్టినవాడు మర్నాటికి ఊళ్ళో కనపడడు. నేను మాత్రం ఐర్లండ్‌లో, కార్క్ పక్కనున్న బాలింకాలిగ్‌లో, మా వంటింటి బల్ల ముందే కూచుని, కళ్ళజోడు తుడుచుకుంటూ, ఎంతో పద్ధతిగా ఐపీ పెట్టాను. పారిపోదామన్నా కారులో ఉన్న పెట్రోలు పక్కవీధి దాటించేలా లేదు.

అంతకుముందు మంచిరోజుల్లో నేను రింగాస్కిడీలో ఒక మందుల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. ఆ రోజుల్లో ఈ దేశంలో ఊపిరి పీల్చే ప్రతివాడికీ అప్పు పుట్టేది. బ్యాంకు ఆయన మా పెళ్ళిరోజున ఫోన్ చేసి, రెండో ఇల్లు లేకుండా మీరెలా బతుకుతున్నారని కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేసేవాడు. ఆయన బాధ చూడలేక, ఉన్న ఇంటికి తోడు అద్దెకివ్వడానికి ఒక ఫ్లాటు కొన్నాను. తలుపు తీస్తే మంచం, మంచం ఎక్కితే కిటికీ; ధర మాత్రం మైసూరు ప్యాలెస్‌ది. తరవాత మాంద్యం వచ్చింది. ఫ్యాక్టరీ నన్ను పొమ్మంది. ఫ్లాటులో అద్దెకున్నవాడు ఎవరూ పొమ్మనకుండానే పోయాడు. రెండిళ్ళ విలువా వానలో పెట్టిన అప్పడంలా మెత్తబడిపోయింది.

ఉద్యోగం పోయిన సంగతి రెండు నెలలు ఇంట్లో చెప్పలేదు. రోజూ పొద్దున్నే మెడలో పాత గుర్తింపుకార్డు వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని రింగాస్కిడీకే వెళ్ళేవాణ్ణి. ఓడరేవు దగ్గర కారు ఆపుకుని ఫెర్రీలోకి లారీలు ఎక్కడం చూస్తూ కూచునేవాణ్ణి. పదకొండింటికల్లా ఇడ్లీలు తినేసి, ఐదింటి దాకా వానని చూసేవాణ్ణి. ఆ రెండు నెలల్లో కారు అద్దం మీద జారిన చినుకుల్లో నాకు తెలియని చినుకు లేదు. చివరికి మా ఆవిడే ఒకరోజు డబ్బా కడుగుతూ, నావైపు తిరక్కుండానే, "రేపట్నించి ఇంట్లోనే తినండి. ఇడ్లీలు చల్లారిపోతున్నాయి" అంది. అంతకుమించి ఇప్పటిదాకా ఆ విషయం ఎత్తలేదు.

అంతే కాదు, ఆ నెలలోనే తను ఒక వృద్ధాశ్రమంలో పనికి కుదిరింది. ఇక్కడికొచ్చాక అదే ఆవిడ మొదటి ఉద్యోగం. ముసలివాళ్ళకి స్నానాలు చేయించడం, అన్నం తినిపించడం, పక్కలు మార్చడం. ఆవిడకి వేరే బ్యాంకు ఖాతా ఎందుకని, జీతం నా ఖాతాలోనే వేయించాం. మాలో అందరం చేసేది అదే. ఖాతా ఆయనది, ఇల్లు ఆయనది, కరెంటు బిల్లు ఆయనది. ఆవిడ పేరున ఉండేది లైబ్రరీ కార్డు ఒక్కటే.

వాళ్ళ చెల్లెలి పెళ్ళికి వాళ్ళన్నయ్య టికెట్లు పంపితే వెళ్ళి, ఆ జీతం డబ్బుల్లో మిగుల్చుకున్నవాటితో విజయవాడలో నాలుగు బంగారు గాజులు కొనుక్కుంది. పెళ్ళయ్యాక తన కష్టంతో తను కొనుక్కున్నవి అవొక్కటే. కొట్లో గుమాస్తా బిల్లు పుస్తకం తీసి "సార్ పేరు చెప్పండమ్మా" అన్నాడు. ఆవిడ నా పేరు చెప్పింది. పెళ్ళిలో చుట్టాలు గాజులు పట్టుకుని చూసి ఎవరు కొన్నారంటే "ఆయనే చేయించారు" అంది. నేను పక్కనే నిలబడి, చేయించినవాడి లెవెల్లో చిరునవ్వు నవ్వాను.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. తిరిగొచ్చాక ఇంటి బీమా రెన్యూ చేయడానికి ఫోన్ చేస్తే, అవతలి అమ్మాయి ఇంట్లో విలువైన వస్తువులేమైనా ఉన్నాయా సర్ అని ఎంతో మర్యాదగా అడిగింది. నన్ను ఎవరైనా మర్యాదగా సర్ అని అప్పటికి ఏడాదిన్నర. ఆ సంతోషం తట్టుకోలేక, నాలుగు గాజుల విలువని నాలుగింతలు చేసి చెప్పాను. పాలసీలో ఒక వరస చేరింది: బంగారు నగలు, యజమాని నేను.

ఆ తరవాత ఎన్ని నెలలు ఎన్ని బేరాలాడినా బ్యాంకులు ఒప్పుకోకపోవడంతో ఇక ఐపీ తప్పలేదు. చట్టం మారి, పన్నెండేళ్ళ దివాలా మూడేళ్ళకి తగ్గిన కొత్తరోజులవి. కార్క్‌లో ఒక సలహాదారు దొరికాడు. పెద్దమనిషి, మాటకి ముందు ఒకసారి, తరవాత ఒకసారి నిట్టూర్చేవాడు. చేతిలో చిల్లిగవ్వ లేదని రుజువు చేసుకోవడానికి ముందుగా డిపాజిట్ కట్టాలన్నాడు. ఫారాల కట్ట ఇచ్చాడు. దాన్ని నేలమీద పెట్టి ఎక్కితే వంటింట్లో పై అరలో ఉన్న ఆవకాయ జాడీ అందుతుంది. ఇల్లూ ఫ్లాటూ బ్యాంకులకి పోతాయన్నాడు. అయితే చట్టం మరీ కసాయిది కాదట. బట్టలు, పరుపులు, వంటసామాను, బతుకుతెరువుకి కావలసిన పనిముట్లు అన్నీ కలిపి ఆరు వేల యూరోల విలువ దాకా మాకే వదిలేస్తుందట.

ఆ రోజంతా జాబితా రాశాం. ఇరవయ్యేళ్ళ సంసారాన్ని ఆరు వేలలో ఇరికించడం కష్టమవుతుందేమోనని దిగులుపడ్డాను. సోఫాకి నేనొక రాజసమైన ధర వేశాను. మా ఆవిడ కొట్టేసి, అందులో సున్నా తీసేసింది. గ్రైండరుకి నేను వేసిన ధర చూసి, "ఇది ఎవరైనా కొంటే మిమ్మల్ని కూడా దాంతో ఇచ్చేస్తాను" అంది. నా ల్యాప్‌టాప్‌ని పనిముట్టుగా రాశాం; మూత తెరవాలంటే ఇద్దరుండాలి. మా అమ్మాయికి అప్పటికి పద్నాలుగేళ్ళు. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం కార్క్ యాసలో వస్తుంది. మెట్ల మీద నుంచి జాబితాలోకి తొంగిచూసి, "డాడ్, నోబడీ వాంట్స్ అవర్ స్టఫ్, లైక్" అని పైకెళ్ళిపోయింది. కూడితే మూడువేలు కూడా రాలేదు. చట్టం వదిలేయడానికి సిద్ధపడినంత ఆస్తి కూడా మాకు లేదు. మా ఆవిడ పెన్ను కిందపెట్టేసింది.

గాజుల సంగతి సలహాదారు బీమా కాగితంలో చూసి పట్టుకున్నాడు. రెండుసార్లు నిట్టూర్చి విషయం విడమరిచి చెప్పాడు. అవి భార్య తన జీతంతో కొనుక్కున్నవైతే ఆమె సొత్తు, ఎవరూ ముట్టుకోరు. అలా కాక, అప్పులు తీర్చలేని స్థితిలో ఉండి, గత మూడేళ్ళలో నువ్వు కొని కానుకగా ఇచ్చావంటే, ఆ కానుకని వెనక్కి లాగి అప్పులవాళ్ళకి పంచుతారు. కాగితాలన్నీ నీవైపే చూపిస్తున్నాయి: బిల్లు, బీమా, ఖాతా. ఇక మిగిలింది ఆమె మాట, ఆమె జీతం చీటీలు. డబ్లిన్‌లో దివాలా ఆఫీసు నీకు ఇంటర్వ్యూ పెడుతుంది. ఆమెని కూడా తీసుకెళ్ళు. నా జీతంతో నేను కొనుక్కున్నానని ఆమె ఒక్క వాక్యం చెబితే చాలు.

ఒక్క వాక్యం. ఇంటికొచ్చి వంటింట్లోనే తాలీము వేయించాను. నేను అధికారిని, ఆవిడ ఆవిడే. "ఐ బాట్ దెమ్ ఫ్రమ్ మై వేజెస్" అని పదిసార్లు చెప్పించాను. పదోసారి ఆవిడ, "పరీక్ష నాకు కాదుగా, మీకు. మీరు మీ ఫ్లాటు జవాబులు చదువుకోండి" అంది.

హైకోర్టులో జడ్జిగారు మూడు నిమిషాల్లో నన్ను దివాలాదారుగా ప్రకటించారు. నా పెళ్ళికి పురోహితుడు తీసుకున్న సమయంలో ఆయన ఎనభైమందిని దివాలా తీయించగలరు. పదిహేను రోజుల తరవాత ఇంటర్వ్యూ. మేమిద్దరం పొద్దుటి రైల్లో డబ్లిన్ వెళ్ళాం. ఆవిడ పెళ్ళిళ్ళకి దాచుకున్న చీర కట్టుకుంది. గాజులు వేసుకుంది, నిజం చెప్పేటప్పుడు దాచుకోవడం ఎందుకంది.

అధికారి నా వయసు ఆవిడే, కార్క్ పక్కనే ఉన్న కెర్రీ వైపు యాస. టీ ఇచ్చింది. జాబితా వరసగా చదువుతూ గ్రైండరంటే ఏమిటని అడిగింది. నేను చేతులు తిప్పి చూపిస్తే నవ్వి, "గ్రాండ్, గ్రాండ్" అని పక్కన టిక్కు పెట్టింది. ఇక్కడివాళ్ళ భాషలో గ్రాండ్ అంటే ఫర్వాలేదని. సోఫా గ్రాండ్. పరుపులు గ్రాండ్. పాత కారు కూడా మాకే వదిలేసింది.

తరవాత నా వంతు. ఫ్లాటు కొనమని ఎవరైనా సలహా ఇచ్చారా? లేదు. లెక్కలు ఎవరికైనా చూపించారా? లేదు. జూదం అలవాటుందా? తాగుడుందా? ఉద్యోగం పోయాక బ్యాంకుకి ఎన్నాళ్ళకి చెప్పారు? భార్యకి ఎన్నాళ్ళకి చెప్పారు? అడిగే తీరులో ఎక్కడా కాఠిన్యం లేదు. డాక్టరు కడుపు నొక్కి ఇక్కడ నొప్పా అని అడిగినట్టే అడిగింది. ప్రతి జవాబుకీ నేను అంగుళం చొప్పున కుంచించుకుపోయాను. అరగంట అయ్యేసరికి ఆ కుర్చీలో నేనొక దిండు ఎత్తున ఉన్నాను. పక్కన మా ఆవిడ టీ కప్పు పట్టుకుని కూచుంది, ఒక్క గుక్క కూడా తాగలేదు.

అప్పుడు ఆ అధికారి మా ఆవిడ వైపు తిరిగి, గాజులు చాలా బాగున్నాయని, ఎవరు కొన్నారని అడిగింది.

మా ఆవిడ నావైపు చూసింది. పది సెకన్లు చూసి ఉంటుంది. నాకు పదేళ్ళలా అనిపించింది. ఈసారి పెంచి చెప్పడం లేదు.

"మై హజ్బెండ్," అంది. "హీ బాట్ దెమ్ ఫర్ మీ."

అధికారి పెన్ను ఎత్తి, అలాగే గాల్లో ఆపింది. తొందరేం లేదని, ఆలోచించుకుని చెప్పమని, మీ సొంత జీతంలోంచి కొన్నారేమో అని నెమ్మదిగా, తలుపు తీసి పట్టుకున్నట్టు అడిగింది. జీతం చీటీలున్న కవరు మా ఆవిడ ఒళ్ళోనే ఉంది.

"నో, నో. హిస్ మనీ. హి ఆల్వేస్ బైస్ ఎవ్రీథింగ్."

అధికారి నావైపు తిరిగి, అంతేనా అని అడిగింది. ఇరవయ్యేళ్ళుగా నా నోరు మూయించలేక చుట్టాలూ స్నేహితులూ చేతులెత్తేశారు. కాదండీ, ఆవిడ కష్టమది, ముసలివాళ్ళ మలమూత్రాలెత్తి సంపాదించుకుంది, చీటీలు ఇవిగో అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను తలూపాను.

గాజులు సులువుగా రాలేదు. అధికారి వాష్‌రూమ్ దారి చూపించింది. మా ఆవిడ సబ్బు రాసుకుని తీసుకొచ్చి, తడి చేతులతోనే బల్లమీద పెట్టింది. అధికారి రసీదు రాసింది: పసుపు రంగు లోహపు గాజులు, నాలుగు. విలువ కట్టించాక, కావాలంటే ఆమె వాటిని తిరిగి కొనుక్కోవచ్చని కూడా చెప్పింది. ఎవరికీ హాని తలపెట్టని మనిషి. మేం లేచేటప్పుడు మా ఆవిడ చెయ్యి కాస్త ఎక్కువసేపే పట్టుకుంది.

రైలెక్కాం. మా ఆవిడ కిటికీ పక్కన కూచుంది. మణికట్ల చుట్టూ ఎర్రగా ఒరుసుకుపోయింది. కొంగు కప్పుకుంది.

"ఎందుకే అలా అన్నావు?" అన్నాను సగం దారిలో.

"ఆవిడ మిమ్మల్ని అన్నన్ని అడుగుతుంటే వినలేకపోయాను. ఒక్కటైనా మీరు చేసింది ఉందని చెప్పాలనిపించింది."

బయట పచ్చిక, ఆవులు, వాన. టికెట్లు చూసేవాడు వచ్చి వెళ్ళాడు. అప్పుడు ఆవిడ కిటికీ వైపు నుంచి మొహం తిప్పకుండా అడిగింది.

"మరి మీరెందుకు కాదనలేదు?"

ఏదో మొదలుపెట్టాను. కంగారులో తోచలేదన్నాను, ఇంగ్లీషు తడబడిందన్నాను. ఆవిడ వినడం లేదు. విన్నా నమ్మేది కాదు. మూడేళ్ళ తరవాత నా దివాలా ముగిసిందని ఉత్తరం వచ్చింది. గాజులు తిరిగి కొనుక్కోలేకపోయాం. కార్క్‌లో కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా చేతులకేం లేవేమిటని అడిగితే, డ్యూటీలో అడ్డం వస్తాయని చెబుతుంది.

రైల్లో అడిగినదానికి జవాబు ఆ రోజే నాకు తెలుసు. ఆవిడ ఆ మాట అన్నప్పుడు, ఆ గదిలో, ఆ పరాయి మనిషి ముందు, నాకు వినడానికి బాగుంది. అందుకే కాదనలేదు. ఆ సంగతి ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.