బొరుగులు నమలకుండా

రాయచూరు బజారులో మాది బొరుగుల దుకాణం. బొరుగులు వేయించే భట్టీ నుంచి మూటలు రాగానే ప్రతి మూటలోంచీ నాలుగు గింజలు నోట్లో వేసుకొని, కరకరమంటేనే దింపించేదాన్ని. కొనేవాళ్లు వచ్చినా వాళ్ల ముందు నాలుగు నమిలి చూపించేదాన్ని. ముప్పై ఏళ్లుగా ఆ పని నాదే.

పోయిన ఏడాది సాయంత్రమయ్యేసరికి నా కడుపు ఉబ్బి డోలులా అయ్యేది. చీర కుచ్చిళ్లు వదులు చేసుకొని కూర్చునేదాన్ని. పరీక్షలు చేసిన డాక్టరమ్మ, చిన్నపేగులో సూక్ష్మక్రిములు ఉండాల్సినదానికన్నా ఎక్కువ పెరిగాయని రెండు వారాలకు మాత్రలు రాసింది. ఒక తిండికీ ఇంకో తిండికీ మధ్య నాలుగు గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టొద్దంది. ఆ ఖాళీలోనే పేగు తనను తాను ఊడ్చుకుంటుందట. మాత్రలతో ఉబ్బు దిగింది. రెండు నెలలకు మళ్లీ ఉబ్బింది.

ఈసారి కోడలు తోడు వచ్చింది.

"మధ్యల ఏమన్న తింటున్నరా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఏం తినను. మూడు పూటలే," అన్నాను ధీమాగా.

కోడలు ఫక్కున నవ్వింది. "అబద్ధం అత్తా! పొద్దుగాల్నుంచి నీ నోరు ఆడుతనే ఉంటది గద!"

"అది తినుడా ఏందే? సరుకు చూసుడు!"

"మీ పేగుకు దుకాణం సంగతి ఏమెరుకమ్మా? నోట్లకెల్లి దిగిందంత దానికి తిండే," అంది డాక్టరమ్మ, మళ్లీ మాత్రలు రాస్తూ.

కడుపు బాగుపడాలంటే నోరు కట్టేయాలి. నోరు కట్టేస్తే మెత్తబడ్డ సరుకును ఎట్లా పట్టుకునేది? ఇక దుకాణంలో నాకు పనేముంది? ఆటో ఇల్లు చేరేదాకా నాది అదే దిగులు.

కోడలే ఉపాయం చెప్పింది. "నువ్వు పిడికిట్ల పట్టి చెవికాడ నలిపి చెప్పు. నేను నమిలి చూస్త."

తొలిరోజు నేను భేషుగ్గా ఉందన్న మూట ఆమె నోట్లో తేలిపోయింది.

"అత్తా, ఇవి బొరుగులు గావు, దూది!"

మూటలు దింపే ఆయన కూడా నవ్వాడు. నాకు రోషం వచ్చింది. మరునాటి నుంచి కళ్లు మూసుకొని నలిపాను. బాగా ఎండిన గింజ పటుక్కున పగిలి పొడవుతుంది. తేమ పట్టినది చప్పుడు లేకుండా అణిగిపోతుంది. వానలు పడేనాటికి ఏ మూట దగ్గరా మా ఇద్దరి మాటకు తేడా రాలేదు.

"ఇగ నీ చెయ్యే చాలు అత్తా. నన్ను ఇడిసిపెట్టు, నా కడుపు ఉబ్బేటట్టుంది," అని ఆమె గల్లా దగ్గరకు వెళ్లి కూర్చుంది.

ఇప్పుడు కొనేవాళ్ల ముందూ నలిపే చూపిస్తున్నాను, కడుపు నెమ్మదిగా ఉంది. మళ్లీ రావచ్చని డాక్టరమ్మ చెప్పనే చెప్పింది, వస్తే చూసుకుందాం. మధ్యాహ్నం జొన్నరొట్టె పక్కన గుప్పెడు బొరుగులు పెట్టుకుంటాను. మెత్తబడ్డాయా లేదా అని చూడను. ఊరికే, రుచి కోసం తింటాను.