కాచుకోమని కూడా అనలేదు

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోయడం అంటే ఏదో త్యాగంలా వినిపిస్తుంది. కాదు. దాచాను. దొంగ సొత్తు దాచినట్టు దాచాను. మీరెవరో నాకు తెలీదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో ఏలూరులో నీళ్లు పరీక్ష చేసే ఒక ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. మా ఊరు మండవల్లి దాటాక, కొల్లేటి అంచున. నాన్న పోయాక మమ్మల్ని సాకింది, నన్ను తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదివించింది మా మేనమామ. ఊరి మంచినీళ్ల చెరువు పక్కనే ఆయన వరి పొలం. పొలానికి అవతల, పట్నం మురుగంతా మోసుకొచ్చే డ్రెయిను. ఆ మురుక్కీ మేం తాగే నీళ్లకీ మధ్య అడ్డుగా ఉన్నది ఆ పొలమొక్కటే. మామయ్య దాన్ని చేపల చెరువుగా తవ్వించాడు. డ్రెయిన్ నీళ్లు మోటారుతో తోడి నింపాడు. చేపల మేతకని కోడిపెంట వేయించాడు. ఆ నీళ్లు గట్టు అడుగునుంచి ఊరి చెరువులోకి ఊరుతున్నాయని అందరికీ తెలుసు. ఎవరూ నోరెత్తలేదు. సగం ఊరు ఆయన దగ్గరే పనికెళ్లేది మరి.

నీళ్లు పరీక్ష చేయించాలనుకున్నది ఒక్క అమీనా గారు. మా వీధి చివర జాకెట్లు కుట్టేవారు. ఒకరోజు ఆ చెరువునుంచి వచ్చే కుళాయి నీళ్లు సీసాలో పట్టుకుని, బస్సెక్కి నేరుగా నా దగ్గరికి వచ్చారు. పాడు నీళ్లయితే నల్లబడే మందున్న సీసాలో పోసి పెట్టాను. మర్నాటికి సిరాలా నల్లబడింది. ఆ మధ్యాహ్నమే ఆవిడ మళ్లీ వచ్చారు.

"చూశారా అమ్మా? మా రేష్మా పురిటికొచ్చిందండి. నీళ్లు అదోలా వాసనొస్తుంటే భయమేసింది."

"బాగానే ఉన్నాయండి."

"తాగొచ్చా అయితే?"

"తాగొచ్చండి."

"చల్లటి మాట చెప్పారమ్మా," అని నా చేతులు పట్టుకున్నారు.

మామయ్య నన్ను అడగలేదు. ఎవరూ బెదిరించలేదు. అడిగి ఉంటే ఈపాటికి తప్పంతా ఆయన మీదకి నెట్టేసి హాయిగా నిద్రపోయేదాన్నేమో! ఆయన పెట్టిన అన్నం గుర్తొచ్చింది, ఆయన ముఖం గుర్తొచ్చింది, నా నోరు దానంతటదే అబద్ధమాడేసింది. ఆవిడ వెళ్లగానే సీసా కడిగేశాను. పోనీ, కాచుకుని తాగమని అనొచ్చుగా? అంటే ఎందుకని అడుగుతారు. అందుకని ఆ ఒక్క మాట కూడా మింగేశాను. ఇంత లెక్కగా ఆలోచించగలిగినదాన్ని, భయంలో నోరుజారాను అని ఏ ముఖంతో చెప్పుకోను?

నెల తిరిగేసరికి ఊళ్లో కామెర్లు. రేష్మాకీ వచ్చాయి. ఏలూరు ఆసుపత్రిలో నాలుగో రోజున పోయింది, కడుపులో బిడ్డతో సహా. నీళ్ల వల్లే అయ్యుంటుందన్నారు డాక్టరు. జనం కోపంతో మామయ్య చెరువు గట్టు మీదికొచ్చారు. ఆ రోజే గట్టు తెగ్గొట్టేవారు. ఆపింది ఎవరో తెలుసా? అమీనా గారు. నీళ్లు పరీక్ష చేయించానని, ఈ అమ్మాయే స్వయంగా చూసి మంచివని చెప్పిందని, ఒకరి మీద ఊరికే నింద వేయకూడదని అన్నారు. కూతుర్ని పూడ్చిపెట్టి వచ్చి నా అబద్ధానికి సాక్ష్యం చెప్పారు. నేను ఆ గుంపులోనే ఉన్నాను. అందరూ నా వైపు చూశారు. నేను తలూపాను.

జనం వెళ్లిపోయారు. చెరువు మిగిలింది. ఇప్పుడు దాని పక్కన ఇంకో మూడు.

మామయ్య మీద ఒళ్లు మండుతుంది. వాళ్లింట్లో మాత్రం మొదటినుంచీ టిన్ను నీళ్లే. పచ్చటి చేలను ముక్కలుగా తవ్వుకుంటూ పోతుంటే అభివృద్ధి అని చప్పట్లు కొట్టినవాళ్లందరి మీదా మండుతుంది. కానీ వాళ్లెవరూ అమీనా గారి కళ్లలోకి చూసి తాగమని చెప్పలేదు. నేను చెప్పాను.

ఆవిడ ఇప్పటికీ నేను కనిపిస్తే నవ్వుతారు. వెళ్లి నిజం చెప్పేస్తాను అని ఇక్కడ రాయాలనుంది. రాయను. అది ఇంకో అబద్ధమవుతుందేమో.

ఆ నీళ్లు పాడైపోయాయి. నాకు తెలుసు. తెలిసే తాగమన్నాను.

ఇదిగో, అనేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది. ఆడుతున్నందుకు కూడా నా మీద నాకు కోపంగానే ఉంది.