మెయిన్ బోర్డు మీద చీటీ

మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకు ఫోను మోగింది. రాజమండ్రి ఆసుపత్రుల నుంచి ఫోన్లు ఆ వేళకే మొదలవుతాయి. అలవాటు ప్రకారం కలం మూత తీసి, పుస్తకం ముందుకు లాక్కుని అడిగాను.

"ఏ గ్రూపండీ? ఎన్ని యూనిట్లు కావాలి?"

అవతల నుంచి ఒక ఆడమనిషి గొంతు వినబడింది.

"రక్తం ఇంక అక్కర్లేదండి పిన్నిగారూ. అక్క పోయింది."

ఆ అక్క మా టైపు టీచరుగారు. కొవ్వూరులో ముప్పై ఏళ్ళు టైపు నేర్పి, మిషన్లు మూలపడ్డాక కంప్యూటర్లు నేర్పిన మనిషి. ఆమెకు అరవై ఒకటి. నాకు డెబ్భై ఆరు. లెక్కల టీచరుగా రిటైరైనదాన్ని. ఈ లెక్క నాకు సమ్మతం కాదు. దీన్ని ఇలా వదిలేయడం ఇష్టం లేకే ఇది రాస్తున్నాను.

మా ఊరి రక్తదాతల సంఘం జాబితా పద్నాలుగేళ్ళుగా నా దగ్గరే ఉంది. ఎవరిది ఏ గ్రూపు, కిందటిసారి ఎప్పుడు ఇచ్చారు, మళ్ళీ ఎప్పుడు ఇవ్వవచ్చు, ఎవరికి ఏ జబ్బు ఉంది, అన్నీ మా ముందుగదిలోని కంప్యూటర్లో ఉంటాయి. ఆసుపత్రి నుంచి ఫోను రాగానే జాబితా తెరవాలి, ఇవ్వగలవాళ్ళను పిలవాలి. ఈ పనిలో తప్పు జరిగితే ఎక్కడో ఒక మంచం మీద మనిషి ఆగిపోతాడు.

తప్పు నేనే చేశాను. ఆరేళ్ళ కిందట పెద్దాపురం మరిడమ్మ జాతరకు బయల్దేరాను. గోదారి పొంగితే మా వీధిలోకి నీళ్ళు వస్తాయి. అందుకని ఇక్కడ ఎవరు ఇల్లు వదిలినా కరెంటు మెయిన్ ఆపేసే తాళం వేస్తారు. మా అమ్మ చేసింది, నేను చేశాను, నా కోడలి చేతా చేయించాను. ఆ రోజు కంప్యూటర్ తెర మీద అప్‌డేట్ జరుగుతోందని, ఆపవద్దని రాసి ఉంది. నేను చదివాను. కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివాను. ఇంటికన్నా కంప్యూటర్ ఎక్కువా అనుకుని మెయిన్ ఆపేశాను.

తిరిగొచ్చి మీట నొక్కితే నీలం తెర వచ్చింది. అంతే, దాటి ముందుకు పోలేదు. జాబితాకు రెండో ప్రతి లేదు.

టైపు టీచరుగారిని అప్పటిదాకా వీధిలో చూడటమే తప్ప పలకరించింది లేదు. కబురు పెడితే చేతిసంచీతో వచ్చారు. మెడలో పెన్‌డ్రైవ్ తాడు, చేతిలో పాత టూత్‌బ్రష్. ఎవరింటికి వెళ్ళినా ముందు ఆ బ్రష్‌తో కీబోర్డు దుమ్ము దులిపేవారు. నేను జరిగింది చెప్పాను.

"ఆపవద్దని రాసుంటే ఆపేశారా?"

"మెయిన్ ఆపడం మా ఇంటి పద్ధతి."

"మంచి పద్ధతేనండి. వేళ చూసుకోవాలి కదా. మీ క్లాసులో పిల్లాడు లెక్క సగం చేశాక పలక లాక్కుంటే ఊరుకుంటారా మీరు?"

నలభై ఏళ్ళ ఉద్యోగంలో నన్నెవరూ అలా నిలదీయలేదు. కాఫీ ఇస్తానన్నాను. "మిషన్ దగ్గర వద్దండి," అన్నారు.

రెండు రోజులు కూర్చున్నారు. "బాగవుతుందా?" అని నేను పదిసార్లు అడిగి ఉంటాను.

"ముందు జనాన్ని ఒడ్డుకు చేరుద్దామండి. పడవ సంగతి తర్వాత," అన్నారు. ఆమె తండ్రి గోదారిలో వేటకు వెళ్ళే మనిషి. మాటల్లో పడవ, వల వస్తూనే ఉండేవి.

అన్నట్టే తన పెన్‌డ్రైవ్‌తో మిషన్ లేపి, మొదట జాబితాను బయటకు తీశారు. ఒక్క పేరు పోలేదు; నేను వీధి వీధిగా తలుచుకుంటూ సరిచూసుకున్నాను. ఆ తర్వాతే సగంలో తెగిన అప్‌డేట్ తీసేసి, మళ్ళీ మొదటి నుంచి వేశారు. మర్నాడు వచ్చి, తన పాత తెలుగు టైపు మిషన్ మీద కొట్టిన చీటీ ఒకటి మెయిన్ బోర్డు పైన అన్నం మెతుకులతో అంటించారు. "ఆగండి. కంప్యూటర్ చూసి వచ్చారా?" అని ఉంది దాని మీద.

నా ఇంట్లో నాకే నోటీసు! చింపేద్దామనుకున్నాను. చింపలేదు.

అప్పటి నుంచి ప్రతి నెలా రెండో బుధవారం ఆమె వచ్చేవారు. కొత్త అప్‌డేట్లు మనకు ఆ రోజు అందుతాయట. ముందు జాబితాను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం, ఒక ప్రతి కాగితం మీద తీయడం, డిస్కులో ఖాళీ ఎంతుందో చూడటం, కరెంటు పోతే ఆదుకునే యూపీఎస్ సరిగా ఉందో లేదో చూడటం. ఇవి అయ్యేదాకా అప్‌డేట్ మీద చెయ్యి వేయనిచ్చేవారు కాదు. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ఎన్నిసార్లు ఆగి లేచింది, నేను పుస్తకంలో రాసేదాన్ని; చివరి గడిలో ఆమె సంతకం పెట్టేవారు. తెర మీద అంకె కదలకపోతే నాకు చేతులు ఊరుకునేవి కావు. ఆమె సంచీలోంచి చిక్కుడుకాయలు తీసి నా ముందు పోసేవారు. "అది దాని పనిలో ఉంది. మీరు ఈనెలు తీయండి." ఇద్దరం ఈనెలు తీస్తూ కూర్చునేవాళ్ళం. నేను తీసినవి తన ఇంటికే పట్టుకుపోయేవారు, అది వేరే సంగతి.

ఒకసారి రక్తదాన శిబిరం రోజునే అప్‌డేట్ వల్ల ప్రింటర్ మూగబోయింది. మా సంఘం కార్యదర్శి, నలభై ఐదేళ్ళ మనిషి, శిబిరంలో అందరి ముందూ విసుక్కున్నాడు.

"ఈ అప్‌డేట్లు ఆపి పారేద్దామండి టీచరుగారూ! బాగున్నదాన్ని పాడు చేసుకోవడం ఏంటండీ?"

"ఈసారి తప్పు అప్‌డేట్‌దే, ఒప్పుకుంటున్నాను," అన్నారామె. "ప్రింటర్ సంగతి నేను చూస్తాను. మా నాన్న రోజూ సాయంత్రం వల పరిచి చిరుగులు వెతికేవాడు. చేప తప్పించుకున్నాక వెతకడం కాదు, ముందే. ఇందులో జనం ఫోను నంబర్లున్నాయి, జబ్బులున్నాయి. మిమ్మల్ని నమ్మి చెప్పుకున్నారు. ఆ వివరాలు జారిపోయే చిల్లు వలకి ఉందని తెలిసీ, దాన్ని కుట్టే అప్‌డేట్ వద్దంటారా?"

టీచరుగారు ప్రింటర్‌ను కంప్యూటర్లోంచి తీసేసి మళ్ళీ కొత్తగా చేర్చి, భోజనాల వేళకు పని చేయించారు.

పోయిన ఏడాది ఆమెకు జబ్బు చేసింది. రక్తం నిలవని జబ్బు. నా జాబితాలోంచే మనుషుల్ని పిలిచాను. ఏడుగురు గోదారి వంతెన దాటి రాజమండ్రి వెళ్ళి ఇచ్చి వచ్చారు. మా మెట్లు ఎక్కలేని స్థితిలో కూడా ఆమె బుధవారం మానలేదు. ఆసుపత్రి మంచం మీద నుంచి ఫోనులో నా చేత చేయించారు.

"ఏముంది తెర మీద?"

"ఏదో తేడాగా ఉందండి. పాడైపోయిందేమో."

"మీ అభిప్రాయం వద్దండి పిన్నిగారూ. ఉన్నది ఉన్నట్టు చదవండి."

చదివాను. అక్షరం వదలకుండా చదివాను. ఇన్నేళ్ళు పిల్లలకు నేను చెప్పిన మాటే అది.

ఆమె పోయిన తొమ్మిదో రోజు రెండో బుధవారం అయింది. పొద్దున్నే కార్యదర్శి వచ్చాడు.

"మామ్మగారూ, ఆవిడే లేరు కదండీ. ఇంక ఆపేద్దాం. మధ్యలో ఏదన్నా అయితే జాబితా మొత్తం పోద్ది. ఈ వయసులో మీకెందుకండీ ఈ తలనొప్పి?"

"ఆవిడ పోతే చిల్లులు వాటంతటవే పూడిపోతాయా?"

"అది కాదండీ..."

"కూర్చో. చెప్పులు బయట విడిచి కూర్చో."

ప్రతి తీశాను, కాగితం తీశాను, యూపీఎస్ చూశాను. మొదలుపెట్టాను. ముప్పై శాతం దాటాక ఆగింది. అప్‌డేట్ కుదరలేదు, మార్పులు వెనక్కి తీసుకుంటున్నాను అని తెర చెప్పింది. రెండోసారీ అంతే.

"నేను చెప్పానా!" అన్నాడు.

ప్రతులున్నా, పద్నాలుగేళ్ళ పేర్లు అందులో ఉన్నాయి. అడగడానికి ఫోనుకు అటు వైపు ఎవరూ లేరు. పోనీ వదిలేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది కూడా. కానీ నా అభిప్రాయం ఎవరడిగారు? ఉన్నది ఉన్నట్టు చదివాను. కిందనున్న ఎర్రర్ అంకె పుస్తకంలో రాసుకున్నాను. తర్వాత ఖాళీ ఎంతుందో చూశాను. హడావిడిలో చూడటం మరిచిన మెట్టు అదొక్కటే. డిస్కు గొంతు దాకా నిండి ఉంది. విప్పి చూస్తే శిబిరంలో కార్యదర్శిగారికి శాలువా కప్పిన వీడియోలు. ఒకే శాలువా, నాలుగు వైపుల నుంచి.

"ఇవెవరు పెట్టారు?"

"భద్రంగా ఉంటాయని నేనేనండి మామ్మగారూ..."

వాటిని అతని పెన్‌డ్రైవ్‌లోకి పంపించేశాను. ఎందుకైనా మంచిదని ప్రింటర్ తీగ కూడా ఊడదీశాను. మూడోసారి మొదలుపెట్టాను. సగంలో ఉండగా ఫోను మోగింది. కాకినాడలో ఎవరికో ఓ నెగటివ్ కావాలట. కార్యదర్శి కంప్యూటర్ వైపు చూసి తెల్లబోయాడు. నేను కాగితం ప్రతి తీసి, ఆ గ్రూపువాళ్ళలో ఇవ్వగలిగిన ఇద్దరి నంబర్లు అతని చేతికిచ్చి, మాట్లాడమన్నాను. అతను మాట్లాడుతుంటే నేను చిక్కుడుకాయల ఈనెలు తీశాను. ఈసారి నా చిక్కుడుకాయలే.

ఆగి లేచింది రెండుసార్లు. పేరు అడిగే తెర వచ్చింది. జాబితా తెరిచి మొదటి పేరు, చివరి పేరు చూశాను. పుస్తకంలో రాశాను: మూడు ప్రయత్నాలు, పూర్తి అయింది. టీచరుగారు సంతకం పెట్టే గడి ఖాళీగా వదలలేదు. నా సంతకం పెట్టాను. వచ్చే నెలా పెడతాను.

కార్యదర్శి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "ఈసారి నాకూ చూపించండి మామ్మగారూ," అన్నాడు. టూత్‌బ్రష్ తెచ్చుకోమన్నాను.

శుక్రవారం ఆమె పెద్దకర్మ. బయల్దేరే ముందు మెయిన్ దగ్గరకు వెళ్ళాను. కిందటేడు గోడలకు రంగు వేయించినప్పుడు ఆ చీటీ తీసేయమని పనివాళ్ళు బతిమాలారు. చుట్టూ వేయమన్నాను. అందుకే అక్కడ జానెడు మేర పాత నీలం రంగు గోడ అలాగే ఉంది. దాని మధ్య పసుపు తిరిగిన కాగితం, నా పసుపు వేళ్ళ మచ్చలు. ఆమె టైపు మిషన్‌లో ఒక అక్షరం ఎప్పుడూ వరస దాటి కొంచెం పైకి పడేది. ఇప్పటికీ అది అలాగే తల ఎత్తుకుని ఉంది. మెయిన్ మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకుని, చెప్పులు విడిచి ముందుగదిలోకి వెళ్ళి కంప్యూటర్ చూసి వచ్చాను.