ఐసు అమ్జద్ తెచ్చిన చక్కెర

పంజాగుట్టలో పండ్లరసం బండ్ల వాళ్లలో పాతవాళ్లెవరిని అడిగినా ఐసు అమ్జద్ ఎవరో చెబుతారు. పన్నెండేళ్లు అతను చెరకురసం బండ్లకూ, చేపల దుకాణాలకూ ఐసు దిమ్మలు చేరవేశాడు. మండుటెండలో మిగతావాళ్ల దిమ్మ సగమయ్యేది. ఇతని బండిలో అంచులు మాత్రమే అరిగేవి. రంపపు పొట్టు, తడి గోనెసంచి, నీడ ఉన్న సందులు చూసుకుని పోవడం, అంతే అతని విద్య. దాని మీద అతనికి గర్వం కూడా ఉండేది. ఎందుకుండకూడదు?

దుకాణాల్లోకి పెద్ద ఫ్రిజ్‌లు రాగానే ఆ విద్యకు కాలం చెల్లింది. సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులు అమీర్‌పేట గోడల్ని కప్పేసిన ఆ రోజుల్లో అతను వ్యాన్ స్టీరింగు పట్టాడు. ఊరి శివారు నుంచి పంజాగుట్టలోని ఒక స్కానింగ్ సెంటరుకు సీసపు డబ్బా తేవడం పని. లోపల ఉండేది వేలెడంత సీసా. దాని డబ్బా మాత్రం రెండు చేతులా ఎత్తినా నడుం పట్టేసేంత బరువు. మొదటిరోజే అతనికి ఒక ప్రశ్న పుట్టింది. పుట్టిన ప్రశ్నను నిద్రపుచ్చే మనిషి కాదతను.

"గిండ్ల ఏముంది మేడం?" అని రత్నమాలను అడిగాడు. ఆ సెంటరులో మందు కొలిచి ఇచ్చేది ఆవిడే. ఏలూరు మనిషి, ఓపిక ఎక్కువ.

"చక్కెరండీ అమ్జద్ గారూ. దానికి రేడియోధార్మిక పరమాణువు ఒకటి తగిలిస్తారు. క్యాన్సర్ కణానికి ఆకలెక్కువ, చక్కెర దొరికితే తెగ మింగేస్తుంది. మింగిన చోటల్లా ఫొటోలో వెలిగిపోతుంది."

"మరి గింత తొందరేంది?"

"గంటా యాభై నిమిషాలకు సగం అయిపోతుంది. ఇంకో గంటా యాభైకి మిగిలినదాంట్లో సగం."

మూత బిగించిన సీసాలోంచి సగం అయిపోవడమేమిటి! అమ్జద్ ఆ మాటను శ్రీనగర్ కాలనీ దాటేదాకా నమిలాడు. దారిలో తరిగిపోయే సరుకు అతనికి ఒక్కటే తెలుసు. రత్నమాల ఇంకా ఏదో చెప్పబోయింది గానీ, తనకంతా అర్థమైపోయిందనుకున్న మనిషి చెవులు పనిచేస్తాయా?

మెట్రో స్తంభాల కోసం రోడ్లు తవ్వుతున్న ఆ ఏప్రిల్‌లో ఒక రోజు, అమీర్‌పేట దగ్గర బండ్లు కదలడం మానేశాయి. అరగంట గడిచింది. వ్యాన్ రేకు మీద చెయ్యి పెడితే చురుక్కుమంటోంది. సెంటరులో ఐదుగురు ఎదురుచూస్తున్నారు. వాళ్లలో రాజమ్మ ఒకతి. ఎస్.ఆర్. నగర్‌లో కోర్సుల పిల్లల హాస్టల్లో వంటామె. వారం కిందట పరగడుపున వస్తే, మందు తయారుచేసే యంత్రం చెడిపోయిందని వెనక్కి పంపారు. గేటు దగ్గర ఆ కబురు చెప్పింది అమ్జదే.

"ఆర్నెల్లు కీమో ఎక్కించిన్రు తమ్మీ. లోపల రోగం పోయిందో ఉన్నదో గీ ఫొటోనే చెప్తదట. వచ్చే వారమన్నా తెస్తవా?" అని ఆమె అడిగింది. తెస్తానని అతను మాటిచ్చాడు.

ఇప్పుడు ఆ మాటే అతన్ని పొడిచింది. రోడ్డు పక్కనే చెరకురసం బండి కనిపించింది. వ్యాన్ పక్కకు తీశాడు. ఐసు ముక్కలు కొన్నాడు, గోనెసంచి తడిపాడు, సీసపు డబ్బాను పసిబిడ్డను చుట్టినట్టు చుట్టాడు. పావుగంట పట్టింది. ఈలోగా ముందున్న బండ్లు కదిలి మళ్లీ ఆగాయి కూడా. అయినా అతనికి ఫికరు లేదు. ఐసు అమ్జద్ మూట కట్టాడంటే కరగడమన్న మాటే లేదు!

"ఇదేంటండీ, డబ్బా ఇలా తడిసింది?" అంది రత్నమాల. సంగతి విని పకపకా నవ్వింది. సీసాను కొలిచే యంత్రంలో పెట్టగానే ఆ నవ్వు ఆగిపోయింది.

"ఎండతోనూ మంచుతోనూ దానికి పని లేదండీ. పొయ్యి మీద పెట్టినా ఫ్రిజ్‌లో పెట్టినా అలాగే తరుగుతుంది. దానికి తెలిసింది గడియారం ఒక్కటే. ట్రాఫిక్కులో పోయింది చాలక, మీరు ఆగిన పావుగంట కూడా పోయింది. ఐదుగురికి కష్టం."

రత్నమాల కాగితం మీద లెక్కవేసి వరుస మార్చింది. బరువైన మనుషులకు ఎక్కువ మందు కావాలి కాబట్టి వాళ్లు ముందు. బక్కప్రాణి రాజమ్మ అందరికంటే చివర. ఆమెకు మందు కాస్త తక్కువే, దానికి బదులు యంత్రంలో ఎక్కువసేపు పడుకోబెడతారు. పొద్దున్నుంచి మంచినీళ్లతో కూర్చున్న రాజమ్మ, అద్దంలోంచి అమ్జద్‌ను చూసి చెయ్యూపింది. అతనికి తిరిగి చెయ్యెత్తే ధైర్యం లేకపోయింది.

నాలుగో రోజు ఆమె గేటు దగ్గరికే వచ్చింది. చంకలో ఏదో మూట. "ఏం లేదట తమ్మీ! ఫొటోల ఎక్కడ సుత మచ్చ లేదట!"

అమ్జద్ నవ్వబోయి ఆగిపోయాడు. మచ్చ లేదా, మచ్చను చూపించేంత చక్కెర లేదా? తను చేసిన తెలివితక్కువ పనికి రోగం దాక్కుందేమో!

"జర ఆగక్కా" అని లోపలికి పరుగెత్తాడు.

రత్నమాల ఈసారి నవ్వలేదు. "మంచి ప్రశ్న అడిగారు. ఎవరి ఫొటో అయినా మేం మెదడు కూడా చూస్తాం. రోగం ఉన్నా లేకపోయినా మెదడు చక్కెర తింటూనే ఉంటుంది. అది బాగా వెలిగిందంటే చక్కెర అందినట్టే. సరిగ్గా రాని ఫొటో మా దగ్గర్నుంచి బయటికే పోదు. మీరు నిశ్చింతగా ఉండండి."

అమ్జద్ మెల్లగా గేటు దగ్గరికి వచ్చాడు. ఇక దాచుకోవడం అతనివల్ల కాలేదు. ఐసు, గోనెసంచి, పోయిన పావుగంట, అన్నీ తలవంచుకునే చెప్పాడు. "మాఫ్ చెయ్ అక్కా. నా వల్లనే నీకు తక్కువ వడ్డది."

రాజమ్మ మూటను ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంది.

"ఎండకు కరుగుతదని నా మందుకు ఐసు చుట్టినవా?" అంది. "ఇరవై ఏండ్ల సంది అందరికీ నేనే వండిపెడుతున్న. నా కోసం గింత పయిలంగ ఎవలు ఏదీ తేలే తమ్మీ."

అమ్జద్ కళ్లు తుడుచుకున్నాడు. ఆమె చంకలోని మూట విప్పింది. మందపాటి తువ్వాలు, దాని లోపల ఇంకో తువ్వాలు, దాని లోపల స్టీలు టిఫిను. మూత తీస్తే పప్పులోంచి ఇంకా పొగలు వస్తున్నాయి.

"తిను" అంది. "చల్లారిపోతది."